పొగని వాళ్ళు కాదనలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో గ్రీకు సంశయవాదుల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు పేపర్లో ఆ వాదానికి మూలపురుషుడైన పిర్రో పేరు కనపడటమే నాకు పండగ, ఎందుకంటే ఇరవై ఎనిమిదేళ్ళు ఇంటర్ పిల్లలకి లాజిక్ చెప్పి రిటైరైనదాన్ని, ఆ సబ్జెక్టు తీసుకునేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతుంటే చూస్తూ ఉన్నదాన్ని. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "సంశయవాదికి పొగ చూపించినా నిప్పు ఉందని ఒప్పుకోడు, సాక్ష్యం అన్న మాటే వాళ్ళకి గిట్టదు" అని రాశారు. ఇది పొరపాటు అండీ, పైగా సరిగ్గా తలకిందుల పొరపాటు. పొగ, నిప్పు అన్న ఉదాహరణ వాళ్ళ పుస్తకాల్లోనే ఉంది, అదీ వాళ్ళు నిక్షేపంగా ఒప్పుకున్న ఆనవాలుకి ఉదాహరణగా.

రాసినవాళ్ళని తప్పుపట్టాలని కాదు, ఈ అపోహ చాలా పాతది. పిర్రో ఎదురుగా బండి వస్తున్నా తప్పుకునేవాడు కాదని, ముందు లోయ ఉన్నా ఆగేవాడు కాదని, కుక్కలు మీదికొచ్చినా పట్టించుకునేవాడు కాదని, స్నేహితులు వెనకాలే నడుస్తూ కాపాడుకునేవాళ్ళని డయోజెనెస్ లయెర్షియస్ రాసిన తత్వవేత్తల చరిత్రల్లో ఉంది, మీ వ్యాసంలోనూ అదే కథ చెప్పారు. ఆ వెంటనే వచ్చే మాట మాత్రం వదిలేశారు. పిర్రో తత్వచర్చలో తీర్పు చెప్పకుండా ఆగేవాడే తప్ప రోజువారీ పనుల్లో అజాగ్రత్తగా ఉండేవాడు కాదని తర్వాతి కాలపు సంశయవాది ఐనెసిడెమస్ అన్నాడని అక్కడే రాసుంది. ఆ మనిషి దాదాపు తొంభై ఏళ్ళు బతికాడనీ అక్కడే ఉంది. బళ్ళకి ఎదురెళ్ళేవాడు అన్నేళ్ళు ఎలా బతుకుతాడు?

ఇక అసలు సంగతి. వీళ్ళ వాదాలు మనకి ముఖ్యంగా సెక్స్టస్ ఎంపిరికస్ రాతల్లో మిగిలాయి. క్రీ.శ. 2వ శతాబ్దం, మహా అయితే 3వ శతాబ్దం మొదలు, అప్పటివాడు. వృత్తికి వైద్యుడు. ఎంపిరికస్ అన్నది ఇంటిపేరు కాదు, అనుభవాన్ని పట్టుకుని వైద్యం చేసే ఒక బడి పేరు. ఈయన వైద్యుడన్న సంగతి మర్చిపోతే ఆనవాళ్ళ మీద ఈయన వాదం మనకి ఎక్కడో గాల్లో మాటలా అనిపిస్తుంది. రోగి ముందు కూర్చుని, కళ్ళకి కనపడే ఈ చెమట, ఈ ఎరుపు, ఈ నాడి లోపల ఏం జరుగుతోందని చెబుతున్నాయి, అసలు చెబుతున్నాయా లేదా అని అడగాల్సిన మనిషి ఆయన.

మన కంటికి ఆనని విషయాలు అన్నీ ఒక రకం కావు అంటాడు సెక్స్టస్. కొన్ని ఎప్పటికీ తేలనివి, ఆకాశంలో చుక్కల లెక్క సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నట్టు. వాటి జోలికి ఎవరూ పోరు. కొన్ని ఇప్పుడు, ఇక్కడ నుంచి కనపడనివి. ఏథెన్స్ నగరం నాకు ఈ క్షణాన కనపడదు, వెళ్తే కనపడుతుంది. ఇంకొన్ని వాటి స్వభావం వల్లే ఎన్నడూ కనపడనివని పండితులు చెప్పేవి, ఉదాహరణకి చర్మంలో బుద్ధికి మాత్రమే అందే సన్నని రంధ్రాలు. చివరి రెండు రకాలనీ ఆనవాళ్ళతో పట్టుకుంటామని అప్పటి తత్వవేత్తలు అనేవాళ్ళు, కాబట్టి ఆనవాళ్ళూ రెండు రకాలయ్యాయి. ఒకటి గుర్తుకు తెచ్చేది. పొగనీ నిప్పునీ ఎన్నోసార్లు కలిపి చూశాం, ఇవాళ పొగ ఒక్కటే కనపడింది, నిప్పు గుర్తొచ్చింది. మచ్చ కనపడింది, అంతకుముందు తగిలిన గాయం గుర్తొచ్చింది. రెండోది బయటపెట్టేది. దాని విషయంలో జంటని ఎన్నడూ కలిపి చూసింది లేదు, అయినా ఆ కనపడేది తన స్వభావం చేతే కనపడనిదాన్ని బయటపెడుతుందని దావా. ఒళ్ళు కదులుతోంది కాబట్టి లోపల ఆత్మ ఉంది, చెమట పడుతోంది కాబట్టి చర్మంలో రంధ్రాలున్నాయి అన్నవి ఈ రకం.

సెక్స్టస్ మాట చాలా స్పష్టం. మేము అన్ని ఆనవాళ్ళకీ వ్యతిరేకం కాదు, రెండో రకానికే వ్యతిరేకం, అది పండితులు కల్పించింది. మొదటి రకాన్ని లోకం నమ్ముతోంది, మేమూ లోకం పక్షానే ఉన్నాం అని. మీ వ్యాసంలోని ఆ వాక్యాన్ని ఈ మాట పక్కన పెట్టి చూడండి.

మచ్చ అంటే గుర్తొచ్చింది. నా భుజం మీద మశూచి టీకా మచ్చ ఉంది, పావలా బిళ్ళంత, అంచులు నొక్కుకుపోయి మధ్యలో సన్నగా ముడతలతో. నా వయసు వాళ్ళందరికీ ఉంటుంది. ఈ పాఠం వచ్చినప్పుడల్లా చీర భుజం కొంచెం జరిపి ఆ మచ్చ పిల్లలకి చూపించేదాన్ని, "దీన్ని చూస్తే ఏం తెలుస్తోంది" అని. మొదట్లో అందరూ ఒక్క గొంతుతో "టీకా మేడమ్" అనేవాళ్ళు, వాళ్ళ భుజాల మీదా ఉండేది. ప్రపంచంలో మశూచి పోయిందని 1980లో డబ్ల్యూహెచ్‌ఓ ప్రకటించింది, ఆ టీకాలూ ఆగిపోయాయి. తర్వాత పుట్టిన బ్యాచ్‌లు వచ్చేసరికి క్లాసు నిశ్శబ్దం. ఒకమ్మాయి లేచి "కాలిందా మేడమ్" అంది. అదే మచ్చ, అదే భుజం, ఒక్క అణువు మారలేదు, కానీ ఆ అమ్మాయికి అది టీకాని చెప్పలేదు. కాలిన మచ్చలు చూసింది కాబట్టి కాలిందేమో అనుకుంది. పుస్తకం తెరవక్కర్లేకుండా పాఠం అయిపోయింది ఆ రోజు. మచ్చకి తనంతట తాను మాట్లాడే నోరు లేదు, మనం ముందు చూసిన జంట గుర్తుంటేనే అది పలుకుతుంది.

ఇప్పుడు రెండో రకం దగ్గరికి రండి. ఐనెసిడెమస్ వాదం నాకు వీటన్నిటిలోకీ పదునైనదిగా తోస్తుంది. క్రీ.పూ. 1వ శతాబ్దం వాడు, పిర్రో పేరు మీద సంశయవాదాన్ని మళ్ళీ నిలబెట్టినవాడు. ఆయన అడిగింది ఇది: కళ్ళకి కనపడేది ఏదైనా, ఒకే స్థితిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేలా కనపడాలి కదా, ఆనవాలు కూడా కనపడేదే అయితే అందరికీ అది ఒకేదానికి ఆనవాలుగా కనపడాలి కదా, మరి ఎందుకు కనపడటం లేదు? దీనికి సెక్స్టస్ చెప్పిన దృష్టాంతం జ్వరం. మొహం ఎర్రబడటం, నరాలు ఉబ్బడం, ఒళ్ళు తడి తడిగా కాలిపోవడం, నాడి గట్టిగా కొట్టుకోవడం, ఇవి వైద్యులందరికీ ఒకేలా కనపడుతున్నాయి. కానీ హెరోఫిలస్‌కి అవి రక్తం బాగుందనడానికి ఆనవాలు. ఎరాసిస్ట్రాటస్‌కి రక్తం సిరల్లోంచి ధమనుల్లోకి దారి తప్పిందనడానికి ఆనవాలు, ఎందుకంటే ధమనుల్లో ఉండేది రక్తం కాదు, ఊపిరితో లోపలికి వెళ్ళే గాలేనని ఆయన సిద్ధాంతం. ఆస్క్లెపియాడెస్‌కి కంటికందని అణువులు కంటికందని సందుల్లో ఇరుక్కున్నాయనడానికి ఆనవాలు. ముగ్గురూ మహామహులే, మొదటి ఇద్దరూ అలెగ్జాండ్రియా వైద్యం అనగానే ముందుగా చెప్పుకునే పేర్లు, శవాలు కోసి చూసినవాళ్ళు. ఒక్క రోగి, ఒక్క జ్వరం, మూడు లోపలి కథలు. ధమనుల్లో గాలి ఉంటుందన్న ఆ నమ్మకాన్ని గేలెన్ అనే వైద్యుడు వచ్చి తప్పని చూపించేదాకా నాలుగు వందల ఏళ్ళు పట్టింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మా తమ్ముడి జ్వరం గుర్తొస్తుంది. వాడికప్పుడు నాలుగేళ్ళు, నాకు పది. వసారాలో మంచం మీద పడుకోబెట్టారు, బుగ్గలు కందిపోయి, పెదాలు ఎండిపోయి, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగురుతున్నాయి. మా నాయనమ్మ చూసి "వేడి చేసిందే" అంది. ఎదురింటి పిన్నిగారు "నిన్న ఊరేగింపుకి ఎత్తుకెళ్ళారుగా, దిష్టి తగిలింది" అన్నారు. మా పెదనాన్న అయితే "సందెవేళ ఆ చింతచెట్టు కిందకి ఎవరు పోనిచ్చారు, గాలి సోకింది" అని కేకలు. ముగ్గురూ చూసింది అవే కందిన బుగ్గలు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. చెయ్యి తిరగేసి వాడి మెడ కింద పెట్టి చూసి, తడిగుడ్డ వేసి, పోయినసారి జ్వరం వచ్చినప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చిన మందు ఏదో అదే ఇప్పించడానికి మనిషిని పంపింది. ఎంపిరిక్ వైద్యుల పద్ధతి సరిగ్గా ఇదే. మొదట తను చూసింది, తర్వాత ఇతరులు చూసి రాసిపెట్టింది, ఇవి రెండూ లేని కొత్త జబ్బు వస్తే దానికి దగ్గరగా ఉన్నదాన్నుంచి అడుగు వేయడం, చేతికి పనిచేసిన మందు తొడకి వేసి చూసినట్టు. లోపలి కారణం ఏమిటన్న పోట్లాటలోకి వాళ్ళు దిగలేదు. (సెక్స్టస్ ఇక్కడ ఇంకో మెట్టు సున్నితంగా ఉంటాడు. లోపలి కారణం ఎన్నటికీ తెలియదు అని ఎంపిరిక్‌లు గట్టిగా చెబితే అదీ ఒక సిద్ధాంతమే అవుతుంది, సంశయవాది అలా కూడా అనకూడదు, తెలియదో తెలుస్తుందో నాకు తేలలేదు అనాలి అని తన బడివాళ్ళనే నిలదీశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ పేజీ దగ్గరే.)

అవతలి పక్షం వాళ్ళు స్టోయిక్కులు, గ్రీకుల్లోనే ఇంకో తత్వబడి. వాళ్ళ దృష్టిలో ఆనవాలు అంటే ఒక వాక్యం. "ఈమెకి పాలు పడ్డాయి అంటే ఈమె గర్భం దాల్చింది" అన్నట్టు, "అంటే"కి ముందున్న సగం నిజమై, అది వెనక సగాన్ని బయటపెట్టేదైతే ఆ ముందు సగమే ఆనవాలు. చాలా శుభ్రమైన నిర్వచనం, బోర్డు మీద రాయడానికి నాకు ఇష్టంగానే ఉండేది. సెక్స్టస్ దాన్ని ఎక్కడ పట్టుకున్నాడో చూడండి. ఆనవాలు అంటే తర్కవాక్యమే అయితే తర్కం రాని నావికుడు గాలివానని ముందే ఎలా పసిగడుతున్నాడు, అక్షరం ముక్క రాని రైతు పంట పండేదీ ఎండేదీ ఎలా చెబుతున్నాడు, వేటకుక్క అడుగుజాడ పట్టుకుని ఎలా పోతోంది, కొరడా ఎత్తగానే గుర్రం ఎందుకు దూకుతోంది? కుక్క "అంటే" పెట్టి వాక్యం కట్టుకుంటోందా? మన పల్లెల్లో చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతుంటే వాన వస్తుందంటారు, తూనీగలు కిందుగా తిరుగుతుంటే కళ్ళంలో ధాన్యం మీద పట్టాలు కప్పేస్తారు. ఆ మనిషిని అడిగితే కారణం చెప్పడు, చెప్పాల్సిన అవసరమూ లేదు, మా నాన్న చూశాడు నేను చూశాను అంటాడు. చదువుకున్నవాళ్ళే తెలివైనవాళ్ళన్న అహంకారాన్ని ఒక గ్రీకు తత్వవేత్త రైతు పేరు చెప్పి దించడం నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం.

రుజువు కూడా ఆనవాలులో ఒక రకమేనని స్టోయిక్కులే ఒప్పుకున్నారు, అంచేత ఆనవాలు కదిలితే రుజువూ కదులుతుంది. అదంతా ఇక్కడ రాస్తే ఉత్తరం కాదు పుస్తకం అవుతుంది.

సాక్ష్యం మాట వచ్చింది కాబట్టి కార్నియాడెస్ గురించి చెప్పకుండా ఉండలేను. ఈయన సంశయవాదుల్లోనే వేరే శాఖ, ప్లేటో పెట్టిన అకాడమీకి పెద్దగా ఉన్నవాడు, క్రీ.పూ. 155లో ఏథెన్స్ తరఫున రాయబారిగా రోమ్ వెళ్ళినవాడు. పూర్తి నిశ్చయం దొరకదు సరే, నమ్మదగ్గదీ నమ్మదగనిదీ ఎలా విడదీస్తాం అంటే ఆయన మెట్లు కట్టాడు. చిన్న విషయమైతే ఒక్క సాక్షిని అడుగుతాం, పెద్దదైతే చాలామందిని అడుగుతాం, ఇంకా పెద్దదైతే ఒక్కో సాక్షినీ మిగతావాళ్ళ మాటలతో పోల్చి పరీక్షిస్తాం. జ్వరాన్ని కూడా వైద్యుడు ఒక్క నాడి వేగం చూసి తేల్చడు, వేడి, తాకితే నొప్పి, ఎరుపు, దాహం అన్నీ ఒకదానికొకటి పొత్తు కుదిరాయా అని చూస్తాడు. ఇది సాక్ష్యం గిట్టనివాళ్ళ మాటలా ఉందా అండీ? ఇంకో ఉదాహరణ వింటే మన పాఠకులు ఉలిక్కిపడతారు. చీకటి గదిలో చుట్టచుట్టుకున్న తాడుని చూసి ఒకడు పాము అనుకుని దాని మీద నుంచి దూకేస్తాడు, తర్వాత వెనక్కి వచ్చి చూస్తే కదలడం లేదు, పాము కాదేమో అనుకుంటాడు, చలికాలంలో పాములు కూడా కదలకుండా ముద్దలా పడుంటాయిగా అని కర్రతో పొడిచి చూస్తాడు, అప్పుడు గానీ తాడని ఒప్పుకోడు. మనం రజ్జుసర్పం అని చిన్నప్పటి నుంచీ వింటున్న తాడూ పామే అది. అటు నుంచి ఇటు వచ్చిందా ఇటు నుంచి అటు పోయిందా అన్న చర్చ నేను చెయ్యను. మన వేదాంతంలో ఆ తాడు లోకమంతా భ్రమ అని చెప్పడానికి పనికొచ్చింది, కార్నియాడెస్ చేతిలో అదే తాడు కర్ర తీసుకుని పరీక్షించు అని చెప్పడానికి పనికొచ్చింది. నాకు రెండో వాడకమే నచ్చుతుంది.

మనకి ఇంకా దగ్గరి చుట్టం చార్వాకుల్లో ఉన్నాడు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, వంటింట్లో చూశాం కదా, అన్నది మన నైయాయికుల, అంటే మన పాత తర్కశాస్త్రం వాళ్ళ, పాఠం. చార్వాకులు అనుమాన ప్రమాణాన్నే, అంటే చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని తెలుసుకోవడాన్నే, కొట్టేశారని మనం ఒకే ముక్కగా చెప్పేసుకుంటాం. కానీ వాళ్ళలో పురందరుడు అనే ఆయన, లోకంలో అందరూ ఒప్పుకునే అనుమానం మాకూ ఒప్పే, లోకాన్ని దాటి పైకి పోయేదే ఒప్పుకోం అన్నాడని బౌద్ధ పండితుడు కమలశీలుడు రాశాడు. సెక్స్టస్ మాట పక్కన పెడితే అన్నదమ్ముల్లా లేవూ ఇవి? ఇద్దరి మీదా లోకం వేసిన నింద కూడా ఒకటే, పొగని చూసినా నిప్పుని నమ్మరని.

ఇంత చెప్పాక వీళ్ళ పక్షాన నాకు గుచ్చుకునే ముల్లు కూడా చెప్పాలి, లేకపోతే నిజాయితీ కాదు. చెమట చూసి చర్మానికి రంధ్రాలున్నాయి అనడం ఒప్పుకోం అన్నారు, కానీ రంధ్రాలు ఉన్నాయి. సూక్ష్మదర్శిని వచ్చాక కళ్ళతోనే చూశాం. ఎన్నటికీ కనపడదనుకున్న గీత జరిగిపోయింది. ఒకబ్బాయి క్లాసులో ఇదే అడిగాడు, "అయితే వాళ్ళు ఓడిపోయినట్టే కదా మేడమ్" అని. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను, చాలా ఏళ్ళు మనసులో ఉండిపోయింది. ఇప్పుడు నాకు తోచేది ఇది. రంధ్రాలు నిజమయ్యాయి, ఇరుక్కుపోయిన అణువులు కాలేదు, ధమనుల్లో గాలీ కాలేదు, వీటిలో ఏది నిలుస్తుందో ఆ చెమట చూసి చెప్పే దారి ఆనాడు ఎవరికీ లేదు. తేల్చింది చెమట కాదు, అద్దం పెట్టి చూడటం. ఆ పైన చెమటా రంధ్రమూ కలిపి చూశాం కాబట్టి అది కూడా మచ్చలాగా, పొగలాగా గుర్తుకు తెచ్చే ఆనవాలైపోయింది. కానీ అద్దం పెట్టి చూద్దామన్న ఆత్రం ఎవరికి పుడుతుంది? లోపల ఏదో ఉందని ఊహించినవాడికి. పోయినసారి పనిచేసిన మందు చాలు అనుకునేవాడికి ఆ ఆత్రం తక్కువ. మా అమ్మ తమ్ముణ్ణి బతికించింది, జ్వరానికి కారణం మాత్రం మా ఇంట్లో ఎవరూ కనుక్కోలేదు. ఈ లోటు వాళ్ళ పద్ధతిలో ఉంది, నేను దాచను.

ఇంకో ప్రశ్న ఎవరైనా వేస్తారు: ఆనవాళ్ళు లేవని వాదిస్తే ఆ వాదమే ఒక ఆనవాలు కాదా, రుజువు లేదని రుజువు చేస్తే రుజువు ఉన్నట్టే కదా? స్టోయిక్కులూ ఇలాగే అడిగారు. సెక్స్టస్ వైద్యుడి జవాబే చెప్పాడు. విరేచనాల మందు ఒంట్లో చెడునంతా బయటికి తోసి దాంతోపాటు తనూ పోతుంది, మా వాదమూ అంతే, అది గెలిచి సింహాసనం మీద కూర్చోవాలని మాకు లేదు అని. ఆనవాళ్ళు ఉన్నాయన్న వాదనా లేవన్న వాదనా రెండూ సమానంగా తూగుతున్నాయి, కాబట్టి ఉన్నాయనీ అనను, లేవనీ అనను అంటూ ఆ అధ్యాయం ముగించాడు.

గ్రీకులో స్కెప్టికోస్ అంటే వెతుకుతూ చూసేవాడు. సత్యం దొరికిందన్నవాళ్ళు ఒక రకం, దొరకదన్నవాళ్ళు ఇంకో రకం, మేము ఇంకా వెతుకుతున్నవాళ్ళం అని సెక్స్టస్ తన పుస్తకం మొదట్లోనే పరిచయం చేసుకున్నాడు. మీరు వ్యాసానికి "దేన్నీ నమ్మనివాళ్ళు" అని పెద్దక్షరాల్లో శీర్షిక పెట్టారు. శీర్షిక ఎలాగూ అచ్చయిపోయింది. ఆ పొగ వాక్యం వరకైనా వచ్చే ఆదివారం సవరణ వెయ్యండి, ఈ ఉత్తరమంతా వెయ్యడానికి చోటు లేకపోయినా ఫర్వాలేదు. ఆ వ్యాసం కత్తిరించి దాచుకున్న పిల్లలు ఎక్కడో ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్ళ చేతికి సవరణ కూడా అందాలి.

ఇట్లు,
ఒక పాత లాజిక్ లెక్చరర్,
తెనాలి